ఖాలా మట్టికి కట్టిన బట్ట

ఖాలా పోయిందన్న కబురు నాకు మాజ్రి చౌరస్తాలోని ఎస్టీడీ బూత్ నుంచి అందింది. బూత్ నడిపే ఆయన మా ఇంటి ముందు నిలబడి, "చంద్రపూర్ నుంచి ఫోన్. పది నిమిషాలల్ల మల్ల చేస్తరంట, జల్ది రా" అన్నాడు. రొట్టెల పిండి అంటిన చేతులతోనే వెళ్ళాను. అవతల ఖాలా కూతురు. ఏడవడం లేదు. "అమ్మీ పోయిందక్కా. పొద్దున చాయ్ తాగింది. సాసర్ కడిగి బోర్లించింది. కుర్చీల కూసుంది. గంతే" అంది. "మధ్యాహ్నం నమాజు అయినంక తీస్కపోతరు. నువ్వొస్తవని చెప్పిన" అంది.

వస్తానని చెప్పి ఫోను పెట్టేశాక చూసుకుంటే ఆ నల్లటి రిసీవర్ నిండా నా పిండి వేళ్ళ గుర్తులు. బూత్ ఆయన గుడ్డతో తుడిచాడు.

ఖాలా అంటే ఉర్దూలో అమ్మ తోబుట్టువు. మా అమ్మకు ఆమె ఏమీ కాదు. మేం తెలుగు క్రైస్తవులం. మా నాన్న మహారాష్ట్రలోని ఈ మాజ్రిలో బొగ్గు గనిలో పనిచేస్తూ పోయాడు. ఆమె హైదరాబాద్‌లో పుట్టి, దుర్గాపూర్ గనిలో లారీ నడిపే మనిషిని చేసుకుని చంద్రపూర్ వచ్చిన ముస్లిం. ఆమె అమ్మమ్మ తాతలు ఇంకా దూరం నుంచి వచ్చినవాళ్ళు. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి ఓడెక్కి వచ్చి గుర్రపు దళంలో చేరినవాళ్ళలో ఆమె తాత ఒకడు. ఒకసారి సెలవు పెట్టి సొంత ఊరికి వెళ్ళి, పెళ్ళి చేసుకుని, పదహారేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని తిరిగొచ్చాడట. ఆ పిల్లే ఖాలా వాళ్ళ నానీ, అమ్మమ్మ.

ఇదంతా నాకు మొదటి రోజు తెలియదు. భద్రావతి దగ్గర జాడీల కార్ఖానాలో పనికి చేరిన రోజు తెలిసిందల్లా, నా పక్క పీట మీద కూర్చున్నామె నల్లగా, ఎత్తుగా ఉందని, నెరిసిన జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా దుపట్టాలోంచి బయటికి వస్తోందని. నాకు ఇరవై రెండేళ్ళు. సిగ్గులేకుండా అట్లాగే చూస్తూ ఉండిపోయాను. చివరికి అడిగేశాను కూడా.

"మీది ఏ దేశం?"

"హైదరాబాద్ దేశం" అంది ఆమె, జాడీకి చెవి అతికిస్తూ. "నీది?"

"మాజ్రి."

"దూరమే" అని నవ్వింది. "బస్సు దొరుకుతదా?"

ఆ నవ్వుకు నా తల దించుకుపోయింది. బజారులో పిల్లలు ఆమె ఆఫ్రికా రూపాన్ని వెక్కిరిస్తూ "హబ్షీ, హబ్షీ" అని వెంటపడితే ఎట్లా ఉంటుందో తర్వాత ఆమెతో నడిచినప్పుడు చూశాను. మా వాళ్ళకు వేరే గ్లాసులో చాయ్ పోసే హోటళ్ళు నాకు తెలుసు. అయినా మొదటి రోజు నేను చేసిందీ అలాంటి పనే. ఆమె మాత్రం దాన్ని ఎప్పుడూ గుర్తు చేయలేదు. మధ్యాహ్నం డబ్బా మూత తీసి, సగం చుక్కకూర పప్పు నా అన్నం మీద వేసి, "తిను బేటీ, పూతల ముంచే పని నడుము తీస్తది" అంది.

కార్ఖానాలో ఆమెది జాడీలకు పట్టుకునే చెవులు అతికించే పని. నాది ఆరిన జాడీలను మెరుపు పూతలో ముంచే పని. చక్రం మీద పనంతా మగవాళ్ళదే. పచ్చడి జాడీలు, ఉప్పు జాడీలు, దవాఖానాలకు పంపే పెద్ద బర్నీలు. ఖాలా మట్టిని వేళ్ళతో నలిపి, చిటికెడు నాలుక మీద వేసుకుని చూసేది. ఇసుక తగిలితే ఉమ్మేసి ఆ ముద్దను పక్కకు నెట్టేది. చాయ్ సాసర్‌లో పోసుకునే తాగేది. కొత్తగా చేరిన ఆడవాళ్ళు చెవి వంకరగా అతికిస్తే కోప్పడేది కాదు. ఆ జాడీని చెవి పట్టుకుని ఎత్తమనేది. ఊడి చేతికొచ్చాక, "సమజైందా?" అనేది.

ఒక వానాకాలం ఆమె ఒక వార్తాపత్రిక మడత చంకలో పెట్టుకుని పనికి వచ్చింది. మధ్యాహ్నం అందరూ తింటుంటే మడత విప్పింది. లోపల ఎర్రటి నూలు బట్ట. నల్లటి వెడల్పు అంచు, మధ్యలో తెల్లటి మామిడి పిందెల్లాంటి పూలు. అంచు పక్కన ఒక వరుసలో ఉర్దూ అక్షరాలు. చూసేసరికి అది ముక్కలు ముక్కలుగా ఉంది.

"నానీది" అంది. "ట్రంకు పెట్టెల దాచిన. ఇంటి రేకు కారి పెట్టెలకు నీల్లు పోయినయ్. ఎండకేద్దామని విప్పితె, గిట్ల చేతుల్నే చినిగిపోయింది బేటీ. దులిపితె ధూళి లెక్క రాలుతుంది."

నేను ఒక ముక్క తీసుకోబోయాను. వేలు తగిలిన చోట నూలు విడిపోయింది. భయపడి చెయ్యి వెనక్కు తీసుకున్నాను.

"ఏం రాసుంది ఖాలా దీని మీద?"

"చదువొస్తది, అర్థం కాదు" అంది. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు. వేలితో చూపిస్తూ కూడబలుక్కుని చదివింది. "న... కు... కుం... బుక. నకుకుంబుక మామ."

చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళం ఒక్కసారి నవ్వాం. ఆ మాట మాకు నోట్లో ఉడుకు బంగాళాదుంపలా ఆడింది. "ఎవలు ఖాలా గీ మామ? కుంబుక మామ?" అని ఒకరు అడిగితే, ఖాలా కూడా నవ్వింది. "నేను గూడ చిన్నప్పుడు గదే అడిగిన. నానీకి ఎవరో మామ ఉండె అనుకున్న. అప్పటికి ఆమె మాటలు బంద్ జేసింది. చెప్పకుండనే పోయింది."

ఆ నవ్వు తర్వాత ఆమె చేసిన పని ఇది. ఒక మట్టి ముద్దను రొట్టెలా పరిచింది. పాత గొడుగు పుల్ల ఒకటి తీసి, ఆ ముక్కలను పక్కన పేర్చుకుని, అంచును గీత గీతగా మట్టి మీదికి ఎత్తింది. పూలు ఎత్తింది. అక్షరాలు ఎత్తింది. బట్టకు ఒక వైపు ఎవరో చేత్తో వేసిన కుట్టు ఉంది, వేరే రంగు దారంతో. దాన్ని కూడా వదల్లేదు. సన్నగా, చుక్కలు చుక్కలుగా గుచ్చింది.

"కుట్టు ఎందుకు ఖాలా?" అన్నాను.

"ఎవరో కూసొని కుట్టింరు గద" అంది.

ఆ మట్టి రొట్టె ఆరిపోక ముందే దాన్ని ఏం చేయాలో ఆమెకు తోచింది. మట్టిని తాడులా పేని, చుట్టలు చుట్టలుగా ఒకదాని మీద ఒకటి పెట్టి, లోపల బోలుగా ఒక ఆడపిల్లను నిలబెట్టింది. మూరెడు ఎత్తు. ఆ గీతల మట్టిని ఆ పిల్ల చంకల కింద నుంచి చుట్టి, ముందుకు తెచ్చి ముడి వేసింది. గీతల్లో నలుపు కోసం మాంగనీసు పొడి రుద్దింది, పూలల్లో తెల్లమట్టి నింపింది. బట్ట మడతపడిన చోట పూవు సగమే కనబడేది. అది మట్టి అన్న సంగతి మరిచిపోయి నేను ఒకసారి ఆ చెంగు సర్దబోయాను.

దాన్ని కాల్చడానికి మాత్రం జాడీలు కాల్చే భట్టి దగ్గరి మిస్త్రీ ఒప్పుకోలేదు. ఆయన మరాఠీ మనిషి, మేమందరం కాకా అనేవాళ్ళం. భట్టిలో అంగుళం జాగా కూడా ఆయన చెప్పినట్టే నిండాలి.

"జాడీల భట్టి ఇది. బొమ్మ పేలితే పక్కన ఇరవై జాడీలు పోతయ్. నాకు ఎవరు జవాబు చెప్తరు?" అన్నాడు.

ఖాలా వాదించలేదు. బొమ్మను ఆయన ముందు పెట్టి, తలకిందులు చేసి లోపలి గోడ చూపించింది. అంతా ఒకే మందం, చిటికెన వేలంత. ఆయన లోపల చెయ్యి పెట్టి తడిమాడు. చాలాసేపు తడిమాడు. "ఎవరు నేర్పింరు?" అన్నాడు.

"జాడీలకు చెవులు పెట్టి పెట్టి మట్టి ఎక్కడ ఊపిరి పట్టుకుంటదో తెలిసింది కాకా."

మూల జాగా దొరికింది. బొమ్మ పగలకుండా వచ్చింది. ఎర్రగా, ముడి దగ్గర కొంచెం నల్లబడి.

ప్లాస్టిక్ బర్నీలు, స్టీలు డబ్బాలు ప్రతి కొట్లోనూ రంగురంగులుగా వేలాడడం మొదలైన రోజులవి. మా జాడీలు గోదాములో పేరుకుపోతున్నాయి. కార్ఖానా సాహెబు, ఇకపై ఇంట్లో అలంకరణకు పెట్టుకునే వస్తువులు చేస్తేనే బతుకుతామని అన్నాడు. నాగ్‌పూర్‌లో హస్తకళల మేళా జరిగితే ఒక దుకాణం తీసుకుని, జాడీలతో పాటు ఖాలా బొమ్మను కూడా పంపాడు. అమ్మడానికి ఖాలాను, నన్ను పంపాడు.

రెండు రోజులు ఎవరూ మా దగ్గర ఆగలేదు. మూడో రోజు ఒక అమ్మాయి ఆగింది. ఖాలా అంత ఎత్తు, ఖాలా అంత నలుపు. సన్నటి జడలు, భుజానికి కాలేజీ సంచి. ఆమె బొమ్మను చూడలేదు ముందు. ఖాలాను చూసింది. తన భాషలో ఏదో అంది. ఖాలా తల అడ్డంగా ఊపింది.

"నాకు రాదు బిడ్డా. నేను హైదరాబాద్ దాన్ని."

ఆ అమ్మాయి వచ్చీరాని హిందీలో చెప్పింది. తనది టాంజానియా అట, నాగ్‌పూర్‌లో మందుల చదువు చదువుతోందట. చెబుతూనే బొమ్మ వైపు వంగింది. అంచు దగ్గర వేలు పెట్టి, ఖాలా లాగే కూడబలుక్కుంటూ, కానీ మాకు రాని ఒక లయతో చదివింది. "నకుకుంబుక మామ."

"ఆఁ, గదే!" అన్నాను నేను. "ఎవరు ఆ మామ?"

అమ్మాయి అయోమయంగా చూసింది. "మామ అంటే... మా. అమ్మ" అంది. తర్వాత ఖాలాకేసి తిరిగి, హిందీలో మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "అమ్మా, నువ్వు గుర్తొస్తున్నావు. అదే ఇక్కడ రాసింది."

ఖాలా వెనక్కి చెయ్యి చాపి, జాడీలు తెచ్చిన చెక్క పెట్టె మీద కూర్చుంది.

అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని బొమ్మ చుట్టూ చూసింది. ఆ తెల్ల పూలు మామిడి పిందెలు కావు, జీడికాయలట. మేం ఉర్దూ అనుకున్నవి అరబ్బీ అక్షరాలట, పాత రోజుల్లో వాళ్ళ భాషను కూడా వాటితోనే రాసేవారట. ఒక వైపున్న చుక్కల కుట్టు కనబడగానే దాని మీద గోటితో మెల్లగా గీసింది. "ఇదిగో, ఇక్కడ కత్తిరించారు. ఈ బట్టలు మా దగ్గర రెండు కలిపే అమ్ముతారు. కొన్నాక మధ్యలో కోసి అంచు కుట్టుకుంటాం. నేను ఇక్కడికి వచ్చేటప్పుడు మా అమ్మ ఒకటి తను ఉంచుకుని, ఒకటి నాకిచ్చింది. దీనికి ఇంకో ముక్క ఉండి ఉంటుంది. ఎవరి దగ్గరో."

జనం వస్తున్నారు, పోతున్నారు. ఒకాయన జాడీ ఎంత అని అడిగితే నేను చెప్పాను. చివరికి ఖాలా, "పదహారేండ్ల పిల్ల" అంది. మాకు కాదు, తనలో తను. "మల్ల ఎన్నడు పోలే. ఎనబై ఏండ్లు వచ్చేదాక ఆ బట్ట ఎవర్నీ ముట్టనియ్యలే. మేమేమో మామ, మామ అని నవ్వుకున్నం."

లేచింది. బొమ్మను రెండు చేతులతో తీసి ఆ అమ్మాయి చేతుల్లో పెట్టింది.

"సదువు అయినంక ఇంటికి పోతవ్ గద? దీన్ని తీస్కపో."

అమ్మాయి వద్దంది. నేనూ వద్దన్నాను, సాహెబు ఏమంటాడోనని. ఖాలా వినలేదు. "ఇది కార్ఖానా మట్టి కావొచ్చు, మనిషి నాది" అంది. "ఎవరో ఒకరు వాపస్ పోవాలె గద బేటీ."

ఆ అమ్మాయి ఏడుస్తూ నవ్వింది. బొమ్మను కాలేజీ సంచిలో పెట్టుకోలేదు. చంటిపిల్లలా భుజాన వేసుకుని వెళ్ళింది. అది సముద్రం దాటిందో లేదో మాకు తెలియదు. ఉత్తరం రాలేదు. "పగిలుంటె రాసేది" అనేది ఖాలా ఎప్పుడడిగినా. "మంచిగ చేరినంక ఎవరు రాస్తరు?"

ఇంతవరకు రాయడం సులువైంది. ఇప్పుడు రాసేది నాకు అంత సులువు కాదు.

మేళాలో ఖాలా బొమ్మను చూసిన ఒక బొంబాయి వ్యాపారి తర్వాత కార్ఖానాకు వచ్చాడు. పెద్ద హోటళ్ళకు సరఫరా చేస్తాడట. ఆఫ్రికా బొమ్మలు రెండు వందలు కావాలన్నాడు. సాహెబు ఆనందానికి అంతు లేదు. ఖాలాను పిలిచి, వ్యాపారి ఇచ్చిన క్యాలెండర్ కాగితం చూపించాడు. నేను తలుపు దగ్గర ఉన్నాను. కాగితంలో గడ్డి లంగా కట్టి, ముక్కులో ఎముక పెట్టుకుని, ఈటె పట్టుకుని పళ్ళు బయటపెట్టిన ఒక ఆడమనిషి బొమ్మ.

ఖాలా కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఈమె ఎవరు సాబ్?"

"ఆఫ్రికా మనిషి."

"నేనెరుగ. మా నానీ గడ్డి కట్టలే. సన్నటి నూలు బట్ట కట్టింది, రాసిన బట్ట." కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "రెండొందలు చేస్త సాబ్. ఒక్కొక్కదానికి ఒక్కో తీరు బట్ట కట్టిస్త."

"బట్ట కడితే అది ఆఫ్రికా అని ఎవరికి తెలుస్తుంది?"

"తెల్వనోల్లకు చెప్దాం" అంది ఖాలా.

సాహెబు చెడ్డవాడు కాదు. బతిమాలాడు. ఆరు నెలలు భట్టి ఆరకుండా ఉంటుందన్నాడు. ఖాలా లేచి నిలబడి, దుపట్టా సర్దుకుని, "మాఫ్ చేయ్ సాబ్" అని బయటికొచ్చింది.

ఆ సాయంత్రం బస్సు స్టాపులో నేను ఆమెతో గొడవపడ్డాను. అందరి ముందు. "గవి మట్టి బొమ్మలే గద ఖాలా! నీ నానీ లేచొచ్చి చూస్తదా? నాయిన లేడు, మా ఇంట్ల పొయ్యి ఈ పని మీదనే మండుతది. నీకేంది, నీ మొగనికి పని ఉన్నది."

ఆమె ముఖం చిన్నబోయింది. కానీ గొంతు పెంచలేదు. "నువ్వన్నది నిజమే బేటీ. ఒక్కటి చెప్పు. మాజ్రి కిరస్తానపు పిల్లంటె గిట్లుంటది అని ఎవడో ఒక చింపిరి బొమ్మ గీసి, నీ చేత్తోనే చేయమంటె చేస్తవా?"

"చేస్త" అన్నాను. "ఆకలైతె చేస్త."

ఖాలా నన్ను చూసి, తల ఊపింది. అందులో కోపం లేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. బస్సు వస్తే నేను వెనక సీటులో కూర్చున్నాను.

ఆర్డర్ వేరే ఊరికి పోయింది. రెండు నెలలు పక్కపక్క పీటల మీద కూర్చుని నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం మధ్యాహ్నం మూత తీయగానే సగం కూర నా డబ్బాలో వేసేది. నేను తినేదాన్ని. తింటూనే మాట్లాడేదాన్ని కాదు.

వానలు తగ్గాక కార్ఖానా మూసేస్తున్నామని నోటీసు వచ్చింది. ఆ రెండు వందల బొమ్మలు చేసినా మూతపడేదేమో. అప్పుడు నాకు ఆ ఆలోచన రాలేదు. ఒక్క భట్టి మాత్రం మిగిలింది, తయారైన జాడీలను కాల్చి ముగించడానికి.

ఖాలా రెండు నెలలుగా చేస్తున్న బొమ్మ ఆ చివరి భట్టిలోకే పోతుందని అందరికీ తెలుసు. నడుమెత్తు బొమ్మ. ఆరబెట్టే షెడ్డులో తడి గోనెసంచులు కప్పి ఉంచేది, పైభాగం తొందరగా ఆరి పగలకుండా. ఒక మధ్యాహ్నం కాలం కాని కాలంలో పెద్ద వాన. ఆ రోజు ఖాలాకు దమ్ము ఎక్కువై, ఊపిరి ఆడక పనికి రాలేదు. షెడ్డు పైరేకు ఒకటి గాలికి లేచింది. నేను చూసేసరికి నీళ్ళు ధారగా ఆ బొమ్మకు జానెడు దూరంలో పడుతున్నాయి.

ఏం ఆలోచించానో తెలియదు. బొగ్గు మీద కప్పే తాటిపత్రి పట్టా లాక్కొచ్చి, కాకాను కేకేసి, ఇద్దరం చెరో కొసా పట్టుకుని దాని మీద నిలబడ్డాం. వాన ఆగేదాకా నిలబడ్డాం. తర్వాత గోనెసంచి తీసి చూశాను. మట్టికి వాన నీళ్ళు తగల్లేదు. ఒక నడివయసు తల్లి. అదే ఎర్ర బట్ట, అవే జీడికాయలు, అవే అక్షరాలు, ఎదురు వైపున అవే చుక్కల కుట్లు. ఇది ఆ టాంజానియా అమ్మాయి చెప్పిన రెండో ముక్క. ముఖం మాత్రం ఇంకా చేయలేదు. నున్నటి మట్టి ముద్దే ఉంది. మెడ మాత్రం పూర్తయింది. కొంచెం పక్కకు తిరిగి, ముందుకు సాగి ఉంది.

మర్నాడు ఖాలా వచ్చాక నేనే మాట కలిపాను.

"ముఖం ఎందుకు పెట్టలే ఖాలా?"

"ఎవరిది పెట్టాలె? నానీ అమ్మను నేను చూడలే." తడి గుడ్డతో మట్టి భుజం తుడుస్తూ అంది. "మెడ దొరికింది. ముఖం దొరుకుతలేదు."

"మెడ ఎవరిది?"

"మీ అమ్మది. ఒకనాడు నిన్ను ఇంటి దాక దింపొచ్చిన చూడు. ఆలస్యమైంది. మీ అమ్మ గేటు కాడ నిలబడి, బస్సు వచ్చే దిక్కు మెడ సాచి చూస్తుండె. అప్పటిసంది గా మెడ నా కండ్లల్నే ఉంది."

నేను ఆమెతో మాట్లాడని ఆ రెండు నెలలూ ఆమె మా అమ్మ మెడను చేస్తూ కూర్చుంది. పూత తొట్టి దగ్గరికి వెళ్ళి, అందరికీ వీపు చేసి నిలబడ్డాను. ఆమె వచ్చి నా వీపు మీద మట్టి చెయ్యి పెట్టింది. "ఏడ్వకు. పూతల నీల్లు ఎక్కువైతె కాకా తిడతడు" అంది.

ముఖం ఆ వారంలో తయారైంది. మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా ఎదుట కూర్చోబెట్టుకుంది. ఒకరి నొసలు, ఒకరి చెంప, ఒకరి గడ్డం. నా దగ్గర పెదవులు తీసుకుంది. "మూసే ఉంచు, గట్లుంటెనే మంచిగుంటయ్" అంది. రెండు నెలల మౌనం మీద ఆమె వేసిన చురక అదొక్కటే.

కాకా ఆ బొమ్మను భట్టి నడిమధ్యలో, చుట్టూ జాడీలు కాపలా పెట్టి నిలబెట్టాడు. మంటను మామూలు కంటే ఒక పూట ఎక్కువసేపు మెల్లగా ఎక్కించాడు. కాల్చడం అయ్యాక మూడు రోజులు చల్లారాలి. నాలుగో రోజు ఎర్రటి ఎండలో ద్వారం ఇటుకలు ఒక్కొక్కటే తీస్తుంటే, పని లేకపోయినా అందరం వచ్చి నిలబడ్డాం. వేడి ముఖానికి కొడుతోంది. ముందు వరుస జాడీలు బయటికొచ్చాయి. కాకా లోపలికి వంగి చూశాడు. ఆ ఒక్క క్షణం ఖాలా నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"నిలబడ్డది" అన్నాడు కాకా.

నిలబడింది. కానీ అంచు దగ్గర మొదలైన ఒక పగులు మోకాలి దాకా పాకింది. సరిగ్గా 'నకుకుంబుక'కూ 'మామ'కూ మధ్యలోంచి. కాకా ముఖం నల్లబడింది. సిమెంటు కలిపి నింపి, రంగు అద్దుతానన్నాడు. కనబడనే కనబడదన్నాడు.

ఖాలా పగులులో వేలు పెట్టి పై నుంచి కింది దాకా మెల్లగా జరిపింది. చాలా వేడిగా ఉండి ఉంటుంది. వేలు తీయలేదు.

"ఉండనీ కాకా. ఈడనే గద తెగింది" అంది.

కార్ఖానా మూతపడ్డాక కాకా వేరే భట్టికి వెళ్ళాడు. నేను మాజ్రిలోనే బాల్వాడీలో పనికి చేరాను. ఖాలా ఆ పగులున్న మట్టి తల్లిని ఇంటికి తెచ్చుకుని వరండా చివర ఎత్తు పీట మీద నిలబెట్టి, ఆమె పక్కనే కూర్చుని చిన్న చిన్న ఆడబొమ్మలు చేసేది. కాకా తన కొత్త భట్టి మూలల్లో వాటిని కాల్చి పంపేవాడు. ఏ రెంటికీ ఒకే బట్ట కట్టేది కాదు. చీరల దుకాణాల్లో, పెళ్ళిళ్ళలో, రైలు పెట్టెల్లో చూసిన అంచులన్నీ నానీ అంచులో కలిసిపోయేవి. ఆమె వీధిలో "హబ్షీ" అని అరిచిన పిల్లలే మట్టి కోసం ఆమె వరండాలో చేరేవారు. "హబ్షీ ఇల్లు యాడ అని అడగకుండ్రి, బొమ్మల ఖాలా ఇల్లు అని అడుగుండ్రి, దారి తొందరగ దొరుకుతది" అని వాళ్ళకు నేర్పింది.

"బట్ట చినుగుతది, మట్టి పగుల్తది" అని ఒకసారి నాతో అంది. "పగిలిన ముక్క మీద గూడ గీత ఉంటది. గందుకే నాకు మట్టి నచ్చింది." నేను మరాఠీ బడిలో చదివినదాన్ని. తెలుగు అక్షరాలు అమ్మ బైబిలు ముందు పెట్టి నేర్పినవే. ఆ కొద్దిపాటి అక్షరాలతో ఇది రాస్తున్నాను. ఆ రోజు బస్సు స్టాపులో నేనన్న మాటకు ఆమెను ఎన్నడూ క్షమాపణ అడగలేదు. అడిగితే "ఏ మాట?" అనేదని తెలుసు.

ఫోను వచ్చిన ఆ రోజు నేను చంద్రపూర్ చేరేసరికి ఖాలాను స్నానం చేయించి తెల్లబట్ట కప్పారు. ముఖం చూశాను. నమాజు వేళకు మగవాళ్ళు ఎత్తుకుని వెళ్ళారు. ఆడవాళ్ళం గడప దాకా వచ్చి ఆగాం. తర్వాత ఇల్లంతా కడిగారు. ఆమె దుప్పట్లు, తువ్వాళ్ళు, బట్టలు ఉతికి పెరట్లో, వరండాలో తాళ్ళ నిండా ఆరేశారు. చోటు చాలలేదు.

ఖాలా మనవరాలికి ఆరేళ్ళు. పిండిన తెల్ల దుపట్టా ఒకటి చేతుల్లో పట్టుకుని తాడు తాడు దగ్గరికీ తిరిగింది. ఎక్కడా జాగా దొరక్క వరండా చివర నిలబడి ఉన్న మట్టి తల్లి దగ్గరికి వచ్చింది. మునివేళ్ళ మీద లేచి, దుపట్టాను ఆమె భుజాల మీదుగా వేసింది. ఎవరూ వద్దనలేదు. దుపట్టా నుంచి నీళ్ళు మట్టి బట్ట మీదికి కారుతున్నాయి. జీడికాయల మీదుగా, అక్షరాల మీదుగా, పగులులోకి. తడిసిన చోటల్లా ఎరుపు ముదురుతోంది. పిల్ల రెండడుగులు వెనక్కు వేసి చూసింది. చెంగు ఒకటి నేలకు తగులుతోంది. మళ్ళీ వచ్చి, దాన్ని ఎత్తి, మట్టి చేతి మడతలో దోపి వెళ్ళింది.